కెప్టెన్ నోరు తెరుస్తలేడు: అండర్-14 కబడ్డీ పిల్లలకు నాయకత్వం ఎట్ల నేర్పాలె?

నర్సంపేట కొత్తకోచ్
అందరికీ నమస్తే. అండర్-14 పిల్లగాళ్లు 22 మంది ఉన్నరు. మండల పోటీలకు 6 వారాల టైం ఉంది. పొద్దుగాల 5:45 నుంచి 7:15 దాంక ప్రాక్టీస్. పట్టు వస్తది, కూత నిలబడతది, ఉరుకుడుకు ఢోకా లేదు. సమస్య ఏందంటే మ్యాచ్‌ల ఎవ్వరూ మాట్లాడరు. మనోడు ఔటైనా, ఎదుటి రైడర్ వచ్చినా ఏడుగురూ మెడ తిప్పి నా దిక్కు చూస్తరు. కెప్టెన్‌ను మారిస్తే సరిపోతదా?

జమ్మికుంట పీఈటీ
తమ్మీ, మారిస్తే ఆ కొత్త కెప్టెన్ గూడ నీ దిక్కే చూస్తడు. ఎవరు రైడ్‌కు పోవాలె, ఎవరు ఏ కార్నర్‌ల నిలబడాలె, ఎప్పుడు నీళ్లు తాగాలె, అన్నీ రోజూ నీ నోట్లకెల్లే వస్తున్నయి గదా. ప్రాక్టీస్‌ల ఒక్క నిర్ణయం తీసుకోని పిల్లగాడికి మ్యాచ్‌ల మాట యాడికెల్లి వస్తది?

మొదటి మూడు వారాలు కెప్టెన్ అనే మాటనే పక్కన పెట్టు. ఆ పనిని ముక్కలు చేసి నలుగురికి పంచు. ఒకడు లెక్క చెప్పాలె. ఎదుటి రైడర్ గీత దాటకముందే మనం ఎంతమంది ఉన్నమో గట్టిగ అనాలె: "ఆరు, బోనస్ ఉంది", "ఐదు, బోనస్ లేదు", "మూడు, సూపర్ టాకిల్". ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉంటేనే రైడర్‌కు బోనస్ గీత (వెనక ఉండే గీత, అది దాటి కాలు పెడితే ఒక పాయింట్) పనిచేస్తది, ముగ్గురు లేదా అంతకు తక్కువ ఉండి పట్టుకుంటే మనకు ఒక పాయింట్ ఎక్కువ. ఈ లెక్క తెలిస్తేనే కార్నర్ పిల్లగాడు ఎంత వెనక నిలబడాలో తెలుస్తది.

ఇంకొకడు ఔటైన వరుస చూడాలె. ముందు ఔటైనోడే ముందు లోపలికి వస్తడు. 4, 7, 2 నంబర్లు ఆ వరుసల బయటికి పోతే మనకు ఒక పాయింట్ రాంగనే 4 రావాలె. బోనస్ పాయింట్‌కు ఎవ్వరూ లోపలికి రారు, పిల్లలు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడనే. మూడోవాడు రైడర్లను పంపుతడు. నాలుగోవాడు టైం, స్కోరు చూసుకుంటడు: సగానికి 15 నిమిషాల ఆటల ఎంత పోయింది, ఎన్ని పాయింట్ల ముందున్నం.

ప్రతి సోమవారం ఈ నాలుగు పనులు వేరే నలుగురికి మార్చు. మూడు వారాలల్ల 12 మంది చేతికి పని వస్తది. ఎవరు మాట్లాడుతరో, ఎవరి మాట మిగతోళ్లు ఇంటరో నీకే కండ్లకు కనిపిస్తది. కెప్టెన్ పేరు నాలుగో వారంల చెప్పు.

కూత ఆపకు
సార్ చెప్పింది బాగానే ఉంది గని, నా మాట వేరే. జట్టుల బెస్ట్ రైడర్‌నే కెప్టెన్ చెయ్యాలె. పిల్లలు వానికే విలువిస్తరు. పాయింట్లు తెచ్చేటోని మాట ఎవరన్న ఇంటరు, మూలకు నిలబడేటోని మాట ఎవరింటరు?

జమ్మికుంట పీఈటీ
విలువ నిజమే అన్న. కాని ఆట నడిచే తీరు చూడుండ్రి. బెస్ట్ రైడర్ ఎక్కువసార్లు పోతడు కాబట్టి ఎక్కువసార్లు ఔటైతడు. ఔటైతే ఎండ్ లైన్ వెనక సిట్టింగ్ బ్లాక్‌ల కూసుంటడు. వానికి ముందు ఇద్దరు ఔటై ఉంటే వాడు లోపలికి రావాలంటే మనకు మూడు పాయింట్లు రావాలె. జట్టు కష్టంల పడేది ఆ టైంలనే, అప్పుడే కెప్టెన్ బయట. అందుకే కెప్టెన్ రైడరైతే వైస్ కెప్టెన్ కచ్చితంగ డిఫెండర్ కావాలె, కార్నర్ (మూలకు నిలబడేటోడు) గానీ కవర్ (నడుమ దిక్కు నిలబడేటోడు) గానీ. ఇద్దరూ రైడర్లే ఉన్న జట్టుకు ఆఖరి ఐదు నిమిషాలల్ల తల ఉండదు.

ఇంకో సంగతి. రైడర్ కూత పెట్టి పోయినంక మనోళ్లు ఎవరన్న వానికి సలహా చెప్తే ఎదుటి జట్టుకు పాయింట్ ఇస్తరు. అంటే 30 సెకన్లు వాడు ఒక్కడే, వాని నిర్ణయం వానిదే. ఏం చెప్పాలన్నా గీత దాటకముందే చెప్పాలె. "కుడి కార్నర్ ముందుకొస్తున్నడు" అని ఒక్క ముక్క చాలు. బయటికెల్లి అరిచే అలవాటున్న కోచ్ ముందుగాల ఇది మానుకోవాలె, పాయింటు పోతదనే గాదు. రైడ్ నడుస్తుంటే పిల్లగాని చెవి నీ గొంతు కోసం ఎతుకుతుంటే వాని కన్ను డిఫెండర్ కాళ్ల మీద ఉండదు.

హన్మకొండ మేడం
మాటల గురించి ఒక విషయం చెప్తాను. అమ్మాయిల జట్లలో దీన్ని ముందే సరిచేయాలి, అబ్బాయిల్లోనూ ఉంటుంది. మన పిల్లలు పెద్దవాళ్లను "అక్కా", "అన్నా" అనకుండా పిలవరు. ఏడో తరగతి పిల్ల తొమ్మిదో తరగతి పిల్లకు "ఆగు" అని చెప్పదు, "అక్కా, జర ఆగవా" అంటుంది. అది నోట్లో పూర్తయ్యేలోపు రైడర్ తాకి వెళ్లిపోతుంది. చిన్నపిల్లకు ముందే కనిపించినా నోరు లేవదు, అక్కకు చెప్పేంత దాన్నా అనుకుంటుంది.

దీనికి మర్యాద మాన్పించక్కర్లేదు. బరిలో పేర్లు, వరుసలు రెండూ తీసేసి స్థానంతో పిలవడం నేర్పండి. "లెఫ్ట్, ఆగు." "కవర్, దగ్గర." లెఫ్ట్ కార్నర్‌ను లెఫ్ట్ అంటే ఎవరికీ తప్పుగా తోచదు. గీత దాటి బయటికి వచ్చాక మళ్లీ అక్కే. వారం రోజుల్లో అలవాటైపోతుంది. మాటలు ఐదారుకు మించొద్దు, అన్నీ రెండు నుంచి నాలుగు అక్షరాల్లో ఉండాలి. ఏ మాటకు ఏం చేయాలో పిల్లలనే ఎంచుకోనివ్వండి. వాళ్లు పెట్టుకున్న మాట వాళ్లు మర్చిపోరు.

కూత ఆపకు
మేడం, ఈ స్థానాల పేర్ల సంగతి బాగుంది. "పట్టు" అనే మాట ఎవరు అనాలె? మా దగ్గర అందరూ ఒక్కసారే అరుస్తరు.

హన్మకొండ మేడం
ఎవరూ అనకూడదు. దగ్గరగా చూస్తే ఎందుకో తెలుస్తుంది. రైడర్ బోనస్ కోసం ఎడమ కార్నర్ వైపు కాలు చాపింది అనుకోండి. వెనక కాలు నేల మీదినుంచి లేచి, ముందు కాలు బోనస్ గీత అవతల నేలకు ఆనే క్షణంలో మడమ దొరుకుతుంది. ఆ క్షణం కార్నర్ పిల్ల కంటికి మాత్రమే కనిపిస్తుంది. పక్కనున్నది చూసి, "పట్టు" అని, ఆ మాట కార్నర్ చెవికి చేరి, చెయ్యి కదిలేసరికి కాలు వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు పట్టబోతే చెయ్యి తాకి మనమే ఔటవుతాం.

కాబట్టి పట్టే నిర్ణయం పట్టేవాళ్లదే. మిగతావాళ్ల పని రెండే మాటలు: తొందరపడుతుంటే "ఆగు", రైడర్ అటు తిరిగితే ఆ స్థానం పేరు. మడమ చేతికి చిక్కగానే పట్టిన పిల్లే "దొరికింది!" అని అరవాలి. ఆ మాట వినపడగానే కవర్, ఇన్ (కార్నర్ పక్కన నిలబడే పిల్ల) ఇద్దరూ రైడర్‌కూ మధ్య గీతకూ నడుమకి వచ్చి దారి మూయాలి. వెనకనుంచి వచ్చి మీద పడితే రైడర్ ముందుకు పడి గీత అందుకుంటుంది. ఎక్కువ జట్లు ఓడేది పట్టు రాక కాదు, పట్టు దొరికాక సాయం ఆలస్యమై. ఒక్కతే పట్టుకొని ఉంటే రెండు మూడు క్షణాల్లో జారిపోతుంది.

అభ్యాసం ఇలా చేయించండి. నలుగురు డిఫెండర్లు, ఒక రైడర్. మీరు బరికి వీపు పెట్టి నిలబడండి. మీకు ఆట కనిపించకూడదు, వినిపించాలి. 10 రైడ్లలో లెక్క ఎన్నిసార్లు వినపడింది, "దొరికింది" ఎన్నిసార్లు వినపడింది, ఏ గొంతు అసలు రాలేదు, చేతి వేళ్ల మీద లెక్కపెట్టి చివర్లో పిల్లలకు చెప్పండి. కోచ్ చూడటం లేదని తెలిశాక పిల్లలు ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెడతారు.

నర్సంపేట కొత్తకోచ్
వీపు పెట్టుడు రేపే మొదలుపెడ్త మేడం. 22 మందిల ఏడుగురు ఏడుగురు ఆడితే 8 మంది ఖాళీగ ఉంటరు. వాళ్లతోనే అల్లరి.

జమ్మికుంట పీఈటీ
ఆ 8 మందికి గూడ పని ఉంది. ఇద్దరు స్కోరు రాయాలె, ఒకడు 30 సెకన్ల రైడ్ లెక్క బయటికి చెప్పాలె, ఇద్దరు చెరో సిట్టింగ్ బ్లాక్ కాడ ఔట్ వరుస చూడాలె, ఇద్దరు లైన్ అంపైర్లు, ఒకడు రెఫరీ. పది నిమిషాలకొకసారి మార్చు. రెఫరీ చేసిన పిల్లగాడు మ్యాచ్‌ల అంపైర్‌తోని పంచాయితీ పెట్టుకోడు, లాబీ (బరికి రెండు పక్కల ఉండే పట్టీ) ఎప్పుడు పనిచేస్తదో వానికి ఎరుకైతది. స్ట్రగుల్, అంటే తాకుడు గానీ పట్టుకునుడు గానీ, మొదలైనంకనే లాబీ లోపల భాగమైతది, అంతకుముందు కాలు పెడితే ఔటే. ఈ ఒక్క రూలు నోటితోని చెప్పుడు కన్నా ఈల చేతికిచ్చుడు మేలు.

90 నిమిషాలు ఇట్ల పంచు: వార్మప్ 15 (ఒక పిల్లగాడే చేయించాలె, నువ్వు వరుసల నిలబడు), పట్లు 20, నలుగురు నలుగురు ఆట 20, పూర్తి ఆట 25, ఆఖరికి కూసుండి మాట్లాడుడు 10.

మొరంబరి
బరి సంగతి ఎవ్వరూ ఎత్తలే. పిల్లలకు పెద్దరికం అలవాటు కావాలంటే మొదలు బరి తయారుచేసుడు వాళ్లకు అప్పజెప్పుండ్రి. అది వాళ్ల చేతులతోని అయితే అందుల ఉమ్మెయ్యరు, చెప్పులతోని నడవరు.

సబ్ జూనియర్ల బరి 11 మీటర్ల పొడుగు, 8 మీటర్ల వెడల్పు. అందుల రెండు దిక్కుల ఒక్కో మీటరు లాబీ, నడుమ 6 మీటర్లు. మధ్య గీత 5.5 మీటర్ల కాడ. అక్కడికెల్లి 3 మీటర్లకు బాక్ గీత (రైడర్ దాటాల్సిన గీత), ఇంకో మీటరుకు బోనస్ గీత, వెనక 1.5 మీటర్లు మిగుల్తది. మూలలు సరిగ్గ రాకపోతే బరి వంకర వస్తది, పిల్లలకు దూరం తప్పుడు అలవాటైతది. టేపు, తాడు ఇచ్చి కర్ణం కొలిపియ్యుండ్రి: 11, 8 బరికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు 13.6 మీటర్లు రావాలె, రెండు కర్ణాలు సమానం ఉండాలె. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది లెక్కల పాఠమే.

గీతలకు సున్నం వద్దు. కింద పడ్డప్పుడు కండ్లల్ల, గీరుకున్న కాడ పడితే కాలుతది. ముగ్గుపిండి పొయ్యుండ్రి, 3 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పు. మన దిక్కు చెల్క నేల రాయిలెక్క గట్టిపడ్తది, రేగడైతే ఎండకు పగుళ్లిస్తది, వానకు జారుతది. చెల్కనైతే జానెడు లోతు తవ్వి, కంకర రాళ్లు ఏరి, ఇసుక కలిపి చదును చెయ్యాలె. నీళ్లు ప్రాక్టీస్ ముందు గాదు, ముందురోజు పొద్దూకినంక చల్లాలె. పొద్దుగాల చల్లితే పైపొర బురదైతది, మోకాలు మెలివడుతది. రోజూ ఇద్దరు పిల్లలు చెప్పుల్లేకుండ బరి మొత్తం నడిచి రాళ్లు, గాజు ముక్కలు ఏరినంకనే ఆట. ఆ ఇద్దరు సరే అనేదాంక కోచ్ గూడ ఈల ఊదొద్దు. పిల్లలకు ఆ హక్కు ఇచ్చుండ్రి, నిజంగ ఇయ్యుండ్రి.

కాజీపేట రైలుకట్ట
మ్యాచ్ రోజు కెప్టెన్ చేయాల్సిన తనిఖీ ఒకటుంది, రాసుకోండి. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉండాలి. ఒంటికి నూనె రాయకూడదు. ఉంగరాలు, కడియాలు, గొలుసులు తీసేయాలి. చేతికి కట్టిన దారాలు, తాయెత్తుల విషయం ఇంట్లో ముందురోజే మాట్లాడుకోవాలి, మైదానంలో కోయమంటే పిల్లవాడు ఏడుస్తాడు. నంబర్లు సరిచూసుకోవాలి. ఇదంతా కోచ్ చేస్తే తనిఖీ, కెప్టెన్ చేస్తే జట్టు. కాకపోతే గోళ్లు పెంచుకున్నవాణ్ని అందరి ముందు నిలబెట్టి మాట్లాడే కెప్టెన్‌ను ఆపండి. పక్కకు పిలిచి నెయిల్ కట్టర్ ఇవ్వడం నేర్పండి.

టైం ఔట్ 30 సెకన్లు, సగానికి రెండే. కెప్టెన్ కూడా అడగవచ్చు. ప్రాక్టీస్‌లో రెండూ కెప్టెన్‌కే వదిలేయండి, తప్పు టైంలో అడిగినా సరే. ఆ 30 సెకన్లలో మొదటి 10 నీళ్లకు, ఊపిరికి. తర్వాత 10 కెప్టెన్ మాట్లాడాలి: ఎంతమందిమి ఉన్నాం, ఎదుటివాళ్లలో ఎవరు బయట, తర్వాత రైడ్ ఎవరిది. చివరి 10లో కోచ్ ఒక్క వాక్యం. రెండో వాక్యం పిల్లల చెవిలోకి పోదు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటారు, గమనించండి.

పరిస్థితి ఇచ్చి ఆడించడం మరవొద్దు. "3 నిమిషాలుంది, 2 పాయింట్లు ముందున్నాం, బరిలో ముగ్గురే ఉన్నాం." చెప్పి ఊరుకోండి. రైడర్ ఖాళీగా తిరిగి రావాలా, సూపర్ టాకిల్‌కు పోవాలా, ఆలౌట్ అయితే ఎదుటివాళ్లకు 2 పాయింట్లు అదనంగా పోతాయని ఎవరికి గుర్తొస్తుందో చూడండి. తప్పు నిర్ణయం తీసుకుంటే ఆపొద్దు. ఆట అయ్యాక "ఎందుకట్ల చేసినవ్?" అనకుండా "నీకు అప్పుడు ఏం కనిపించింది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు పిల్లవాడు తల వంచుకుంటాడు, రెండోదానికి చేతులు తిప్పుతూ చెప్తాడు.

ఖో ఖో అక్క
మా ఆటల గూడ ఇదే తిప్పలు. ఎనిమిది మంది కూసుంటరు, ఒక్కరు ఉరుకుతరు. భయం ఉన్న పిల్ల "ఖో" పడకముందే లేస్తది, ఫౌల్. వెనక నుంచి ఒక్కసారే చెయ్యి తాకాలె, మాట రావాలె. డిఫెన్స్‌ల ముగ్గురు ముగ్గురు చొప్పున దిగుతరు, ఆ వరుస కెప్టెన్ రాసుడు మంచిది. ఒక్క సలహా: బాగ ఉరికేటోళ్లను ముగ్గురిని ఒక్క బ్యాచ్‌ల పెట్టనీయకుండ్రి. పిల్లలు దోస్తులను కలిపి రాస్తరు.

నర్సంపేట కొత్తకోచ్
12 మంది లిస్టు తియ్యాలె. 10 మందికి లేదని చెప్పుడు ఎట్ల? ఊళ్లె పెద్దమనుషుల ఫోన్లు అప్పుడే మొదలైనయి.

కాజీపేట రైలుకట్ట
ఎంపిక దేని మీదో రెండు వారాల ముందే రాసి గోడకు అంటించండి: హాజరు, పట్టు సఫలమైన లెక్క, రైడ్ లెక్క, మాట. ఆ లెక్కలు రోజూ పిల్లలే రాస్తున్నారు కాబట్టి ఫోన్ చేసిన పెద్దమనిషికి పుస్తకం చూపించవచ్చు. లిస్టు అంటించకముందే ఆ 10 మందితో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి, మిగతావాళ్లకు కనిపించే చోటనే. ఏది తక్కువైందో ఒక్కటి చెప్పండి, ఎప్పుడు మళ్లీ చూస్తారో చెప్పండి. "నెక్స్ట్ ఇయర్ చూద్దాం" అనే మాట ఏ పిల్లవాడూ నమ్మడు.

బరువు విషయంలో గట్టిగా ఉండండి. సర్క్యులర్‌లో పరిమితి చూసి నాలుగు వారాల ముందే తూకం వేయండి. కిలోకు పైగా ఎక్కువున్న పిల్లవాణ్ని పైవయసు విభాగానికి సిద్ధం చేయండి. పస్తులుంచడం, నీళ్లు మాన్పించడం, ఎండలో స్వెట్టర్ వేసి ఉరికించడం ఎదిగే పిల్లల ఒంటికి చేటు, కళ్లు తిరిగి బరిలో పడతారు. పిల్లలు తమంతట తాము చేసినా ఆపాల్సిన బాధ్యత మనదే. తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట బంద్, ఫైనలైనా సరే, డాక్టర్‌కు చూపించాకే మళ్లీ. ఇది కెప్టెన్‌కు వదిలే నిర్ణయం కాదు.

హన్మకొండ మేడం
అమ్మాయిల జట్టు పెట్టబోయేవాళ్లకు రెండు మాటలు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయిందనీ, మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చిందనీ తల్లిదండ్రులకు తెలుసు. గర్వంగానే చెప్పుకుంటారు. కానీ బిడ్డను పంపాలా వద్దా అనేది వేరే ప్రశ్నల మీద తేలుతుంది: ఎన్నింటికి ఇంటికి వస్తుంది, వెంట ఆడమనిషి ఎవరు, అక్కడ బాత్రూం ఉందా. ఈ మూడూ కాగితం మీద రాసి ఇవ్వండి. 7:15 అని రాస్తే 7:15కే వదలండి.

ప్యాడ్లు, నొప్పికి వేడినీళ్ల సీసా ఒక పెట్టెలో ఉంచి దాని బాధ్యత పెద్దపిల్లకు ఇవ్వండి. ఈ రోజు ఆడను అంటే కారణం అడగొద్దు, స్కోరు పుస్తకం ఇవ్వండి. ఏ పిల్లతోనూ ఒక్కరే గదిలో మాట్లాడటం, రాత్రుళ్లు విడిగా మెసేజ్‌లు పెట్టడం ఏ కోచ్ చేయకూడదు. కబురు ఏదైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే. పట్టు చూపించాల్సి వస్తే ఇద్దరు పిల్లలతో చూపించండి.

కూత ఆపకు
రైడర్ కెప్టెన్ అనే నా మాట జర మార్చుకుంటున్న, వైస్ కెప్టెన్ డిఫెండర్ కావాలనేది ఒప్పుకోవాల్సిందే. ఒకటి అడుగుత, ఓడినంక ఏం చెయ్యాలె? ఆ టైంల కెప్టెన్‌తోని మాట్లాడిపిస్తే పిల్లగాడు ఎవరినో ఒకన్ని తిడ్తడు.

జమ్మికుంట పీఈటీ
మైదానంల ఏం మాట్లాడొద్దు అన్న. చేతులు కలిపిచ్చి, నీళ్లు, ఉడకబెట్టిన పల్లీలు, బెల్లం ముక్క ఇచ్చి బండెక్కియ్యుండ్రి. మ్యాచ్ ముచ్చట తెల్లారి ప్రాక్టీస్‌ల పది నిమిషాలు చాలు, అదీ స్కోరు పుస్తకం తెరిచి. "నీ వల్ల ఓడినం" అనే మాట పుస్తకం ముందట నిలబడదు. "రెండో సగంల 8వ నిమిషం కాడ నలుగురం ఉన్నం, లెక్క ఎవ్వరూ చెప్పలే, కార్నర్ ముందుకొచ్చిండు" అని కనిపిస్తది. అప్పుడు లెక్క చెప్పాల్సిన పిల్లగాడే "నేను చెప్పలే సార్" అంటడు. అన్నంక దాన్ని సాగదియ్యొద్దు, శిక్షగ రౌండ్లు కొట్టియ్యొద్దు. ఉరుకుడు శిక్షైతే పిల్లలకు ఉరుకుడు మీదనే అసహ్యం పుడ్తది. ఆ నాలుగుమంది పరిస్థితినే మల్ల పెట్టి ఐదు రైడ్లు ఆడిపియ్యి.

నర్సంపేట కొత్తకోచ్
అందరికీ చాన థ్యాంక్స్. రేపటికి నాలుగు పనులకు నలుగురి పేర్లు రాసిన. 13.6 మీటర్ల తాడు గూడ కోసి పెట్టిన. ఒకటే డౌట్: లెక్క చెప్పేటోడే ఔటైతే?

జమ్మికుంట పీఈటీ
బయటికి పోయేటప్పుడు లోపల ఉన్న ఒకని చేతిని తాకి పోవాలె. తాకిచ్చుకున్నోడు వెంటనే కొత్త లెక్క గట్టిగ చెప్పాలె. చెప్పకుంటే ప్రాక్టీస్‌ల ఆట ఆపు, చెప్పినంకనే రైడ్ మొదలుపెట్టియ్యి. రెండు రోజులు ఇసుగొస్తది, మూడో రోజుకు నువ్వు ఆపే పని ఉండదు.